రోహిణి కార్తెకు నిలబడే జెల్

2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్ పాస్‌పోర్ట్ ఆఫీసు దగ్గర ఒక భవనం కింది భాగంలో ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం అంటుకుంది. పై అంతస్తుల్లో లాడ్జి. పొగ మెట్ల దారి పట్టుకుని పైకి ఎగబాకింది. ఎనిమిది మంది చనిపోయారు. అప్పటికి రెండు వారాల ముందే, దేశంలో అక్కడక్కడా స్కూటర్లు తగలబడుతున్న నేపథ్యంలో, కేంద్ర రవాణా శాఖ ఏఐఎస్-156 అనే భద్రతా ప్రమాణాన్ని కఠినం చేస్తూ సవరణలు ప్రకటించింది. ఆ సవరణలు సూచించిన నిపుణుల కమిటీకి అధ్యక్షత వహించింది హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధనా కేంద్రం అప్పటి సంచాలకుడు టాటా నరసింగరావు. ఆ నిబంధనలు రెండు విడతలుగా, 2022 డిసెంబర్ నుంచి, 2023 మార్చి 31 నుంచి అమలులోకి వచ్చాయి. ప్రమాదంలో భవనం కట్టిన తీరుకు ఎంత వాటా, బ్యాటరీలకు ఎంత వాటా అన్న చర్చ వేరు. కానీ ఆ రాత్రి తర్వాత ఈ ఊళ్లో ఒక ప్రశ్న మామూలు జనం నోట కూడా వినపడింది: మండని బ్యాటరీ ఉండదా? ఉంటుంది. లిథియం-అయాన్ సెల్‌లో ఎలక్ట్రోలైట్ తేలిగ్గా అంటుకునే సేంద్రియ ద్రావకం. దాని బదులు నీటి ఆధారంగా నడిచే బ్యాటరీల్లో బరువుకు తగిన శక్తి ఇవ్వగలవని ఆశ పెట్టుకున్నవి లోహ-వాయు బ్యాటరీలు. వాటిని మళ్లీ మళ్లీ ఛార్జ్ చేయడానికి వీలుగా మలచే ప్రయత్నంలో గత పదిహేనేళ్లుగా పరిశోధకులు ఎక్కువగా పట్టుకున్న పదార్థం హైడ్రోజెల్. ఆ పరిశోధన ఎక్కడిదాకా వచ్చిందో చూసి, దాన్ని దక్కన్ ఎండకు నిలబెట్టి తూచడమే ఈ వ్యాసం పని. నా వాదన ముందే చెబుతాను: ఈ రంగంలో జెల్ ఎంత సాగుతుంది, ఎంత చలికి తట్టుకుంటుంది అన్నవాటికి ఇచ్చిన ప్రాముఖ్యం తడి ఎంతకాలం నిలుస్తుందన్న దానికి ఇవ్వలేదు. మన వాతావరణంలో అదే మొదటి పరీక్ష కావాలి.

వినికిడి యంత్రంలో వేసే గుండీ సెల్ ఒకటి చేతిలోకి తీసుకుంటే విషయం సగం అర్థమవుతుంది. దానికి ఒక పక్క రంగు స్టిక్కర్ ఉంటుంది. 10 నంబరు సెల్‌కు పసుపు, 312కు గోధుమ, 13కు నారింజ, 675కు నీలం. స్టిక్కర్ ఒలిస్తే దాని కింద సూదిమొనంత రంధ్రాలు కనిపిస్తాయి. ఒలిచిన తర్వాత ఒక నిమిషం ఆగి యంత్రంలో పెట్టుకోమంటారు, గాలి లోపలికి చేరాలి కాబట్టి. ఇది జింక్-ఎయిర్ బ్యాటరీ. మామూలు సెల్‌లో రెండు వైపులా రసాయనాలు మోయాలి. ఇందులో ఒక వైపు జింక్ పొడి మాత్రమే. రెండో వైపు కావలసిన ఆక్సిజన్‌ను గాలి నుంచి తీసుకుంటుంది. మోయక్కర్లేని సరుకు బరువు తగ్గుతుంది కాబట్టి కాగితం మీద లెక్క ఘనంగా ఉంటుంది: కలుపుకున్న ఆక్సిజన్ బరువు చేర్చినా కిలోకు 1,086 వాట్-అవర్లు. కానీ స్టిక్కర్ ఒలిచిన సెల్‌ను వాడకుండా పక్కన పెట్టినా కొన్ని వారాల్లో పనికిరాకుండా పోతుంది. ఆక్సిజన్ వచ్చే దారిలోనే నీటి ఆవిరి బయటికి పోతుంది, కార్బన్ డయాక్సైడ్ లోపలికి వస్తుంది. గాలి పీల్చే బ్యాటరీకి గాలే శత్రువు కూడా. గుండీ సెల్ విషయంలో ఆ శత్రుత్వం మనకు పెద్దగా నష్టం చేయదు, ఎందుకంటే అది ఒకసారి వాడి పారేసేది. పదేళ్లు వాడాలనుకున్న బ్యాటరీకి అదే ప్రాణాంతకం.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1878లోనే సచ్ఛిద్ర కార్బన్‌తో గాలి ఎలక్ట్రోడ్ చేసి చూశారు. 1932లో అమెరికాలో హైసే, షూమాకర్ అనే ఇద్దరు కార్బన్‌కు మైనం పట్టించి లోపలికి ద్రావణం ఊరకుండా చేశారు. అప్పటి నుంచి ఆ రకం పెద్ద సెల్‌లను సముద్రంలో దారి చూపే దీపాలకు, రైల్వే సిగ్నళ్లకు వాడారు. దక్షిణ మధ్య రైల్వే కేంద్రమైన సికింద్రాబాద్‌కు, 1957 నుంచి తార్నాకలో సిగ్నల్ ఇంజినీర్లకు శిక్షణ ఇస్తున్న ఇరిసెట్ ఉన్న ఊరికి, ఈ చరిత్ర పరాయిది కాదు. సిగ్నల్ పనికి కావలసింది కొద్దిపాటి కరెంటు, అదీ రోజుల తరబడి, నమ్మకంగా. ఈ స్వభావం గుర్తుంచుకోవాలి, తర్వాత పనికొస్తుంది.

లోహాల్లో దేన్ని ఎంచుకోవాలన్నది త్వరగా తేల్చేయవచ్చు. లిథియం-ఎయిర్ లెక్క అన్నిటికంటే పెద్దది. లోహం బరువు మాత్రమే చూస్తే కిలోకు 11 వేల వాట్-అవర్లకు పైమాట. 1996లో కేరళలో పుట్టి అమెరికాలో స్థిరపడిన కె.ఎం. అబ్రహాం, జియాంగ్‌తో కలిసి దాన్ని తిరిగి ఛార్జ్ చేయగల రూపంలో చూపించారు. అందులో వాడిందీ పాలిమర్ జెల్లే, అయితే నీటిది కాదు. తేమ తగిలితే లిథియం ఊరుకోదు కాబట్టి మామూలు గాలికి దాన్ని తెరిచే రోజు ఇంకా దూరం. అల్యూమినియం చవక, శక్తి ఎక్కువ, కానీ నీటిలో దాన్ని కరెంటుతో తిరిగి లోహంగా మార్చలేం. ఇజ్రాయెల్‌కు చెందిన ఫినర్జీలో ఇండియన్ ఆయిల్ 2020లో వాటా తీసుకున్నప్పుడు ప్రతిపాదించిన పద్ధతి కూడా అరిగిన పలకలు మార్చుకోవడమే, ప్లగ్గు పెట్టడం కాదు. ఇనుము బరువు ఎక్కువ, నెమ్మది కూడా. అమెరికాలో ఫామ్ ఎనర్జీ అనే సంస్థ దాన్ని 100 గంటల గ్రిడ్ నిల్వ కోసం తయారు చేస్తోంది. మధ్యలో మిగిలేది జింక్: నీటిలో నిలుస్తుంది, తిరిగి పూత పడుతుంది, విషం కాదు, మన దేశంలో గనులున్నాయి. విశాఖలో హిందుస్తాన్ జింక్ కర్మాగారం 2012లో మూతపడినా రాజస్థాన్‌లో ఉత్పత్తి సాగుతూనే ఉంది. కాబట్టి ఇకపై జింక్ గురించే మాట్లాడతాను.

జింక్-ఎయిర్‌ను ఒకసారి వాడటం తేలిక, తిరిగి నింపడమే కష్టం. డిశ్చార్జ్ అవుతున్నప్పుడు జింక్ క్షార ద్రావణంలో జింకేట్‌గా కరుగుతుంది. గాఢత పెరిగాక జింక్ ఆక్సైడ్‌గా పేరుకుని లోహాన్ని కప్పేస్తుంది. ఛార్జ్ చేసినప్పుడు తిరిగి లోహంగా దిగాలి కానీ అది పోయిన చోటికే రాదు. ద్రవంలో కొట్టుకుపోయి ఒకచోట దట్టంగా, ఇంకోచోట పలచగా చేరుతుంది. కొన్నిచోట్ల కొమ్మలు కొమ్మలుగా మొలిచి అవతలి ఎలక్ట్రోడ్ దాకా పాకి షార్ట్ చేస్తుంది. గాలి వైపు ఇంకో గొడవ. ఆక్సిజన్‌ను లాక్కునే ఉత్ప్రేరకం, ఛార్జింగ్‌లో దాన్ని వదిలే ఉత్ప్రేరకం ఒకటి కావు. ఒకదానితోనే రెండు పనులూ చేయించబోతే కార్బన్ ఆక్సీకరణ చెంది తినేయబడుతుంది. డిశ్చార్జ్‌లో సుమారు 1.2 వోల్టులు వస్తే ఛార్జింగ్‌కు సుమారు 2 వోల్టులు పోయాలి. అంటే 100 యూనిట్లు పోస్తే చేతికి వచ్చేవి 60 యూనిట్లు. దీనికి తోడు గాలిలో మిలియన్‌కు 420 వంతులు ఉన్న కార్బన్ డయాక్సైడ్ క్షారంతో కలిసి కార్బొనేట్ స్ఫటికాలుగా మారి గాలి రంధ్రాలను పూడుస్తుంది. వీటిలో మొదటి గొడవను జెల్ బాగా తగ్గిస్తుంది. రెండోదాన్ని తాకనైనా తాకదు. మూడోదాన్ని నెమ్మదింపజేస్తుందే తప్ప ఆపదు. ఈ తేడా చెప్పకుండా జెల్‌ను సర్వరోగ నివారిణిగా చూపే వ్యాసాలు చాలా ఉన్నాయి.

హైడ్రోజెల్ అంటే ఏమిటో తెలియాలంటే నానిన సబ్జా గింజను చూస్తే చాలు. చుట్టూ ఉన్న ఆ జారుడు పొర దాదాపు అంతా నీరే, కానీ ఒలికిపోదు. లోపలి పాలిమర్ వల దాన్ని పట్టి ఉంచుతుంది. కృత్రిమ హైడ్రోజెల్ శాస్త్రలోకంలో నిలదొక్కుకున్నది 1960లో, విఖ్టర్లే, లిమ్ అనే చెక్ శాస్త్రవేత్తలు కాంటాక్ట్ లెన్సుకు పనికొచ్చే జెల్‌ను ప్రకటించినప్పుడు. బ్యాటరీలోనూ జెల్ కొత్త అతిథి కాదు. ఆల్కలైన్ పెన్సిల్ సెల్‌లోనూ, పైన చెప్పిన గుండీ సెల్‌లోనూ జింక్ పొడిని పాలీ యాక్రిలిక్ ఆమ్లపు జెల్‌తోనే ముద్దగా ఉంచుతారు. లెడ్-యాసిడ్‌లో సిలికా జెల్ రకం దశాబ్దాలుగా అమ్ముడవుతోంది. కొత్తదనం జెల్‌లో లేదు. వందల సార్లు ఛార్జింగ్‌ను తట్టుకునేలా జెల్‌నే ఎలక్ట్రోలైట్‌గా, వేరుపరిచే పొరగా, ఎలక్ట్రోడ్లకు అంటుకునే జిగురుగా ఒకేసారి వాడటంలో ఉంది.

ఇక్కడ ఒక గందరగోళం విప్పాలి, లేకపోతే ముందుకు సాగదు. విద్యుద్వాహక హైడ్రోజెల్‌లని ఒకే గాటన కట్టేసినవాటిలో రెండు వేర్వేరు జాతులున్నాయి. ఒకటి అయాన్లను నడిపేది, ఎలక్ట్రాన్లను ఆపేది. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఉండాల్సింది ఇదే. రెండోది ఎలక్ట్రాన్లను నడిపేది: పాలీ అనిలిన్, పెడాట్, గ్రాఫీన్ జెల్‌లు. వీటిని మధ్యలో పెడితే బ్యాటరీ షార్ట్ అవుతుంది. వీటి చోటు గాలి ఎలక్ట్రోడ్ లోపల. 2012లో స్టాన్‌ఫర్డ్ బృందం ఫైటిక్ ఆమ్లంతో పాలీ అనిలిన్‌ను ముడివేసి, కరెంటు నడిపే మెత్తని జెల్ చేయవచ్చని చూపింది. 2015లో లైమింగ్ దాయ్ బృందం ఇంచుమించు అవే పదార్థాలను ఎండబెట్టి, కాల్చి, నత్రజని, ఫాస్ఫరస్ కలిసిన కార్బన్ నురుగుగా మార్చి, ప్లాటినం లేకుండానే జింక్-ఎయిర్ సెల్‌ను తిరిగి ఛార్జ్ చేసి చూపింది. ఆ పనిలో నాకు ముఖ్యంగా తోచింది ఉత్ప్రేరకం కాదు. రెండు ఎలక్ట్రోడ్లతో 180 సార్లు నడిచిన సెల్, ఛార్జింగ్‌కు వేరే ఎలక్ట్రోడ్ పెడితే 600 సార్లు నడిచింది. కొన్ని చిక్కులు కొత్త పదార్థంతో కన్నా అమరిక మార్చుకుంటే తొందరగా తీరతాయి.

అయాన్ల జెల్‌ల కథ పాలీవినైల్ ఆల్కహాల్‌తో మొదలవుతుంది. చవక, చేయడం తేలిక, పొటాషియం హైడ్రాక్సైడ్‌తో కలిపి ప్లేట్లో పోస్తే పొరలా వస్తుంది. కానీ దానికి నీటిని పట్టుకునే గుణం తక్కువ. గాలికి తెరిచి పెడితే ఒకటి రెండు రోజుల్లోనే బిరుసెక్కుతుంది, సెల్ ఆయుష్షు గంటల్లో లెక్కపెట్టాల్సి వస్తుంది. 30 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం వాహకత సెంటీమీటరుకు 0.6 సీమెన్స్ దాకా ఉంటుంది. జెల్‌లలో అది పదో వంతు నుంచి సగం మధ్య తేలుతుంది. తర్వాత వచ్చింది పాలీ యాక్రిలమైడ్. బాగా సాగుతుంది, ఫొటోలకు బాగుంటుంది. అయితే గాఢ క్షారంలో, అందులోనూ వేడిలో, దాని అమైడ్ గుంపులు విరిగి అమ్మోనియా వదులుతూ మెల్లగా యాక్రిలేట్‌గా మారిపోతాయి. దాన్ని ముడివేసిన బంధాలకూ అదే గతి. జెలటిన్ లాంటి ప్రొటీన్ జెల్‌ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ యాక్రిలేట్ రూపంతోనే ఎందుకు మొదలుపెట్టకూడదు? 2018లో హాంకాంగ్ సిటీ యూనివర్సిటీలో చున్‌యీ ఝీ బృందం చేసింది అదే. సోడియం పాలీ యాక్రిలేట్ అంటే పసిపిల్లల డైపర్లలో తడిని పీల్చే పొడి. దాని గొలుసు పొడవునా ఉన్న రుణావేశాలు నీటిని గట్టిగా పట్టుకుంటాయి, క్షారంలో విరగవు, జింక్ మీద ఒక సమతల పొరలా కూర్చుని అయాన్లను అన్ని వైపులా సమంగా పంచుతాయి. ఆ సెల్ 160 గంటల్లో 800 సార్లు ఛార్జ్, డిశ్చార్జ్ అయింది. మరుసటి ఏడాది అదే బృందం ఆ వలలోకి సెల్యులోజ్‌ను కలిపి క్షారంలోనూ సాగే గుణం పోకుండా చూసుకుంది. ఇప్పటిదాకా వచ్చిన దారుల్లో నాకు నమ్మకం కలిగించేది ఇదే, ముఖ్యంగా కావలసిన ముడిసరుకు ఇప్పటికే టన్నుల లెక్కన తయారవుతున్నది కాబట్టి.

అయితే అన్ని జెల్‌లకూ ఒక మౌలిక బంధనం ఉంది. జెల్‌లో నీరు అంతా ఒకటి కాదు. కొంత పాలిమర్ గొలుసుకు గట్టిగా అంటుకుని ఉంటుంది, కొంత వదులుగా, మిగతాది స్వేచ్ఛగా. అయాన్లు చురుగ్గా పరిగెత్తేది స్వేచ్ఛా నీటిలో. ముందుగా ఆవిరయ్యేదీ అదే. నీటిని బిగించి కట్టేస్తే ఎండకు నిలుస్తుంది కానీ వాహకత పడిపోతుంది. వదిలేస్తే కరెంటు బాగా నడుస్తుంది, జెల్ కృశిస్తుంది. జెల్ రసాయనంలో ఇంతవరకూ చేసిన తెలివైన పనులన్నీ ఈ రెండిటి మధ్య బేరమే, తప్పించుకునే దారి మాత్రం కనిపించలేదు.

ఈ బేరం ఏ ఊళ్లో చేస్తున్నామన్నది అప్పుడు ముఖ్యమవుతుంది. 30 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం గాలిలో తేమ సుమారు 60 శాతం ఉంటే కదలకుండా ఉంటుంది: పోయే నీరు, వచ్చే నీరు సమానం. తేమ తగ్గితే ఎండుతుంది, పెరిగితే ఊరుతుంది. ప్రయోగశాలలో 25 డిగ్రీలు, 50 శాతం తేమ ఉంటే ఆవిరిని బయటికి నెట్టే పీడన వ్యత్యాసం చాలా చిన్నది. సికింద్రాబాద్ మే మధ్యాహ్నం 42 డిగ్రీలు, 25 శాతం తేమ అనుకోండి. 25 నుంచి 42 డిగ్రీలకు పోతేనే నీటి ఆవిరి పీడనం రెండున్నర రెట్లు దాటుతుంది. దానికి తేమ లోటు కలిపితే నెట్టుడు బలం ప్రయోగశాలతో పోలిస్తే దాదాపు తొమ్మిది రెట్లు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, జెల్ మాట చెప్పాలా? నిజానికి అది పూర్తిగా ఎండిపోదు, ఎందుకంటే క్షారానికి నీటి మీద ఆశ ఎక్కువ. కానీ ఆ పొడిగాలితో సమతుల్యానికి వచ్చేలోపు బరువులో నాలుగో వంతుకు పైగా పోగొట్టుకుంటుంది. కృశించిన జెల్ ఎలక్ట్రోడ్ నుంచి ఊడివస్తుంది, చిక్కబడిన ద్రావణంలో అయాన్లు మందగిస్తాయి. ఊడిన చోట కరెంటు నడవదు, అతుక్కుని ఉన్న చోట రెట్టింపు నడుస్తుంది, జింక్ కొమ్మలు మొలిచేది అక్కడే. ఆగస్టులో తేమ 80 శాతానికి చేరితే కథ తిరగబడుతుంది. జెల్ నీరు తాగి ఉబ్బి, గాలి రంధ్రాల్లోకి చొచ్చుకుపోతుంది, ఆక్సిజన్ అందదు. ఒకే సెల్ మేలో దాహంతో, ఆగస్టులో మునకతో చావవచ్చు. ఒకే ఏడాదిలో రెండు చివర్లూ చూపించే వాతావరణం మనది.

పరిశోధనా పత్రాలు తిరగేస్తే మాత్రం ఎక్కువగా కనిపించేది మైనస్ 20, మైనస్ 40 డిగ్రీలు. గడ్డకట్టకుండా గ్లైకాల్ కలిపాం, మంచులో పెట్టినా దీపం వెలిగింది అన్న ఫొటోలు. మంచు ప్రాంతాలకు అది అవసరమే, కాదనను. కానీ హైదరాబాద్ వాతావరణ చరిత్రలో అలాంటి రోజు ఒక్కటీ లేదు. బేగంపేటలో నమోదైన ఎండ 45 డిగ్రీలు దాటింది. రెండో అలవాటు, ఇంకా ఇబ్బందికరమైనది, చక్రాల లెక్క. వెయ్యి సార్లు ఛార్జ్ అయిందంటే వినడానికి బాగుంటుంది. తరచుగా వాడే పద్ధతి ఒకటి లెక్క వేద్దాం. 0.25 మిల్లీమీటర్ల మందం జింక్ రేకు తీసుకుంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 0.18 గ్రాముల లోహం. గ్రాముకు 820 మిల్లీ ఆంపియర్ అవర్ల చొప్పున అందులో ఉన్నది 146. 2 మిల్లీ ఆంపియర్లతో 10 నిమిషాలు డిశ్చార్జ్ చేసి వెంటనే ఛార్జ్ చేస్తే ప్రతిసారీ వాడింది 0.33. అంటే వెయ్యి పాళ్లలో రెండు పాళ్ల పైచిలుకు. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీని పది సెకన్లు వాడి మళ్లీ నింపుతూ వెయ్యిసార్లు పనిచేసిందని ఎవరైనా అంటే ఒప్పుకుంటామా? ఆ మాత్రం జింక్‌కు ఏ జెల్ అయినా కొమ్మలు మొలవకుండా కాపాడుతుంది. 2017లో అమెరికా నౌకాదళ పరిశోధనశాల జింక్‌ను స్పాంజిలా చేసి, నికెల్‌తో జతకట్టిన సెల్‌లో 40 శాతం దాకా వాడుకుంటూ వందకు పైగా చక్రాలు నడిపింది. సంఖ్య చిన్నదైనా నా దృష్టిలో అది పెద్ద మాట. జెల్ పత్రాలు కూడా లోహంలో ఎంత శాతం వాడారో మొదటి పంక్తిలో చెప్పే రోజు వస్తే ఈ రంగంలో సగం గొప్పలు వాటంతటవే సర్దుకుంటాయి.

క్షారాన్నే వదిలేస్తే? 2021లో జర్మనీ, చైనా శాస్త్రవేత్తలు కలిసి జింక్ ట్రైఫ్లేట్ అనే లవణంతో, క్షారం కాని ద్రావణంలో, జింక్ పెరాక్సైడ్ ఏర్పడే కొత్త మార్గం చూపారు. మామూలు గాలిలోనే 1,600 గంటలు, 320 చక్రాలు. కార్బన్ డయాక్సైడ్ గొడవ తొలగింది, జెల్‌ను కొరికే క్షారం కూడా లేదు. పాలీ యాక్రిలమైడ్, సెల్యులోజ్ లాంటి మెత్తని జెల్‌లకు ఇది మంచి వార్త. అయితే ఆ లవణం ఫ్లోరిన్‌తో చేసింది, ఖరీదైనది. ఇచ్చే కరెంటు తక్కువ. ఎండకు నీరు పోవడమన్న సమస్య అక్కడా ఉంది. నీటి లెక్క ఏ మార్గంలోనూ మనల్ని వదలదు.

ఇప్పుడు గట్టి ఆక్షేపణకు వద్దాం. నీరు పోతుందనే కదా బాధ, ద్రవ ఎలక్ట్రోలైటే పెట్టుకుని అప్పుడప్పుడూ నీళ్లు పోస్తే సరిపోదా? ఇన్వర్టర్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆరు నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ పోయడం మనకు అలవాటే. నిలిపి ఉంచే బ్యాటరీకి సాగే గుణం ఎందుకు, ఒలకని గుణం ఎందుకు? ఈ ప్రశ్నకు జెల్ పరిశోధకులు ఇచ్చే జవాబు ధరించే పరికరాలు, వంగే తెరలు. నా మట్టుకు ఆ జవాబు బలహీనం. చొక్కాలో కుట్టుకునే బ్యాటరీకి ఈ దేశంలో ఎంత గిరాకీ ఉందో తెలియదు కానీ, దాని కోసమే ఇంత శ్రమ అయితే ఆక్షేపణే గెలుస్తుంది. అసలు జవాబు వేరే ఉంది. ద్రవంలో జింకేట్ స్వేచ్ఛగా తిరుగుతుంది, జింక్ ఆకారం చెడటానికి మూలం అదే. జెల్ దాన్ని పుట్టిన చోటే ఆపుతుంది. కాబట్టి ఎలక్ట్రోలైట్ మొత్తాన్నీ జెల్ చేయక్కర్లేదు. జింక్‌ను పట్టుకుని పలచని జెల్ పొర, దాని వెనక తిరిగి నింపుకునే నీటి తొట్టి ఉంటే రెండు లాభాలూ దక్కుతాయి. అప్పుడు జెల్‌లో వెతకాల్సిన గుణం నీరు పోకుండా ఆపడం కాదు, పోయిన నీటిని తిరిగి తాగి మునుపటి కొలతకు చేరడం. పాలీ యాక్రిలేట్ జాతి సరిగ్గా ఈ పనికే పుట్టింది. పదిసార్లు ఎండి పదిసార్లు నానిన తర్వాత ఎలక్ట్రోడ్‌ను వదలకుండా ఉంటుందా అన్న పరీక్ష మాత్రం నూటికో కోటికో ఒక పత్రంలో తప్ప ముందు వరుసలో కనిపించదు.

రెండో ఆక్షేపణ లిథియం వాళ్లది, ఇదీ తేలికైనది కాదు. 2024 నాటికి లిథియం-అయాన్ ప్యాక్ సగటు ధర కిలోవాట్-అవర్‌కు 115 డాలర్లకు దిగిందని బ్లూంబర్గ్ సర్వే చెప్పింది. సులువుగా మండని ఐరన్ ఫాస్ఫేట్ రకం స్కూటర్లలోకి వచ్చేస్తోంది. ఆ కాథోడ్ పదార్థం తయారీ పరిజ్ఞానాన్ని ఏఆర్‌సీఐయే అభివృద్ధి చేసి పరిశ్రమకు ఇచ్చింది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా 9,500 కోట్ల రూపాయల పెట్టుబడితో 16 గిగావాట్-అవర్ల సెల్ కర్మాగారం తలపెట్టింది. ఇంత జరుగుతుండగా 60 శాతం మాత్రమే తిరిగి ఇచ్చే జింక్ ఎందుకు? స్కూటర్ విషయంలో నేను ఈ వాదనతో ఏకీభవిస్తాను. వేగంగా కరెంటు లాగే బండికి గాలి పీల్చే బ్యాటరీ తగదు. 1990లలో జర్మనీ తపాలా వ్యాన్లలో జింక్-ఎయిర్‌ను పరీక్షించినప్పుడు కూడా అది పలకలు మార్చే పద్ధతిలోనే నడిచింది. షోరూం మంటలకు జవాబు ఐరన్ ఫాస్ఫేట్, మంచి ప్యాక్ డిజైన్, పైన లాడ్జి పెట్టనివ్వని అనుమతులు. జింక్ చోటు వేరు: నెమ్మదిగా, గంటల తరబడి, కదలకుండా. స్టేషన్ రిలే గదుల్లో సిగ్నళ్లకు 110 వోల్టుల బ్యాక్‌అప్‌గా ఇప్పుడు ఉన్నవి లెడ్-యాసిడ్ వరుసలు. రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థతో లైను వెంట రేడియో టవర్లు పెరుగుతున్నాయి. అమెరికాలోని ఫ్లూయిడిక్ ఎనర్జీ, తర్వాత నాంట్‌ఎనర్జీగా మారిన సంస్థ, ఆసియా, ఆఫ్రికా దేశాల్లో ఫోన్ టవర్లకు తిరిగి ఛార్జయ్యే జింక్-ఎయిర్‌ను పెట్టి చూసింది కూడా. అక్కడ 40 శాతం నష్టం బాధే, కానీ పగటి సౌర విద్యుత్తు మిగిలిపోయే చోట ఆ బాధ చిన్నది, డీజిల్ పోయడంతో పోలిస్తే మరీ చిన్నది.

ఈ పని తెలిసిన చేతులు ఇక్కడ లేవనే మాట కూడా నిలవదు. 1977లో మొదలైన హైదరాబాద్ బ్యాటరీస్, అంటే ఇప్పటి హెచ్‌బీఎల్, దశాబ్దాలుగా నికెల్-కాడ్మియం, సిల్వర్-జింక్ బ్యాటరీలు చేస్తోంది. విశాఖ నౌకాదళ ప్రయోగశాల రూపొందించిన వరుణాస్త్ర టార్పెడో నడిచేది సిల్వర్ ఆక్సైడ్-జింక్ బ్యాటరీలతోనే. జింక్, పొటాషియం హైడ్రాక్సైడ్, ఉబ్బే పొరలు, కొమ్మలు మొలిచే బెడద, ఇవన్నీ ఆ షాప్‌ఫ్లోర్‌కు రోజువారీ మాటలు. కవచ్ తయారు చేసే మూడు తొలి సంస్థలు హెచ్‌బీఎల్, మేధా, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్‌వే. కొనేవాడు దక్షిణ మధ్య రైల్వే కేంద్ర కార్యాలయమైన రైల్ నిలయంలో, శిక్షణ తార్నాకలో, తయారీ ఊరి అంచుల్లో. ఈ మూడూ సాధారణంగా ఇంత దగ్గర దగ్గరగా కూర్చుని ఉండవు.

భద్రత గురించి ఒక మాట, మొదలుపెట్టింది దానితోనే కాబట్టి తప్పించుకోలేను. నీటి బ్యాటరీ మండదు, అంత మాత్రాన సాధువు కాదు. 30 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ కంట్లో పడితే చూపు పోవచ్చు. జెల్ చిందకుండా ఆపుతుంది గానీ, పగిలిన సెల్‌ను ఒట్టి చేత్తో ముట్టుకోనివ్వదు. జింక్ నీటితో మెల్లగా చర్య జరిపి హైడ్రోజన్ వదులుతుంది. వేడికి ఆ వేగం పెరుగుతుంది. గాలి ఆడని గదిలో అది పేలుడు వాయువు. లెడ్-యాసిడ్ గదులకు కిటికీలు, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఎందుకు పెడతారో ఆ కారణమే ఇక్కడా వర్తిస్తుంది. గాలి పీల్చే బ్యాటరీకి ఎలాగూ గాలి కావాలి కాబట్టి ఈ షరతు అదనపు భారం కాదు, కానీ దాన్ని నేలమాళిగల్లో పెట్టి షట్టర్ దించేయవచ్చనుకుంటే మళ్లీ పాత తప్పే.

అందుకే నేను కోరేది కొత్త జెల్ కాదు, కొత్త పరీక్ష. సెల్‌ను తేమ, ఉష్ణోగ్రత అదుపు చేసే ఛాంబర్లో పెట్టి ఆరు వారాలు పగలు 42 డిగ్రీలు, 25 శాతం తేమ, రాత్రి 28 డిగ్రీలు. తర్వాత ఆరు వారాలు 28 డిగ్రీలు, 80 శాతం తేమ. గాలి రంధ్రాలు మూయకూడదు. ప్రతి చక్రంలో జింక్‌లో కనీసం 20 శాతం వాడాలి. వోల్టేజీతో పాటు ప్రతి వారం సెల్ బరువు తూచి ప్రకటించాలి, మధ్యలో ఎన్ని మిల్లీలీటర్ల నీరు పోశారో కూడా. అలాంటి ఛాంబర్లు కవచ్ పరికరాలను పరీక్షించే కర్మాగారాల్లో ఇప్పటికే ఉన్నాయి, మిల్లీగ్రాము త్రాసు ప్రతి కాలేజీ రసాయన శాఖలోనూ ఉంది. మూడు నెలల తర్వాత ఆ బరువుల పట్టిక చూస్తే ఏ జెల్‌ను రిలే గది దాకా తీసుకెళ్లాలో, దేన్ని ఫొటోల దగ్గరే ఆపాలో తేలిపోతుంది.